రెండో పార్టులో ఆడమనిషి

ఉదయగిరి పిల్లలను భయపెట్టాలంటే పెద్దవాళ్లు కొండ మీది కోటను చూపించేవాళ్లు. పాడుబడ్డ గోడల్లో చిరుతపులి ఉందనేవాళ్లు. నాకు ఆ భయం ఎప్పుడూ లేదు. పులి కోటలో ఉంటే ఉండనీ, మనం పోకపోతే సరి. నన్ను నిజంగా భయపెట్టింది అరచేతిలో పట్టే ఒక బూడిద రంగు ప్లాస్టిక్ పెట్టె. అది చేతిలో పెట్టుకుని ఆడుకునే వీడియో గేము. దాన్ని మా అమ్మ కువైట్ నుంచి నాకోసం పంపింది.

అమ్మ కువైట్‌కు పోయినప్పుడు నేను ఐదో తరగతి. రేకుల కప్పు తీసేసి స్లాబు పోసుకుందామని, రెండేళ్లు కళ్లు మూసుకుంటే అయిపోతుందని, ఆమే నాయనను ఒప్పించింది. నాయన బస్టాండు పక్కన బంకులో బట్టలు కుట్టేవాడు. అమ్మ ఎవరి ఇంట్లోనో పనిమనిషిగా చేరింది. మొదట్లో జాబులు వచ్చేవి. అన్నం తింటున్నావా, జడ ఎవరు వేస్తున్నారు, అవ్వను సతాయిస్తున్నావా అని అడిగేది. తర్వాత జాబులు ఆగిపోయాయి. నాయన రోజూ పోస్టుమ్యాను సైకిలును చూసి కత్తెర పక్కన పెట్టేవాడు, అది దాటిపోగానే మళ్లీ అందుకునేవాడు.

అలాంటి రోజుల్లో ఆత్మకూరు నుంచి కబురొచ్చింది. అమ్మ ఉండే వీధిలోనే పనిచేసే ఒకామె సెలవు మీద వచ్చిందని, అమ్మ ఏవో సామాన్లు ఇచ్చి పంపిందని. నాయనకు పెళ్లి బట్టల పని మీద పడి ఉంది. అవ్వా నేనూ బస్సెక్కాం. అవ్వ అంటే నాయన తల్లి. అత్తాకోడళ్లు కదా, వంకలు పెట్టుకుంటూనే ఉండేవాళ్లు. అయినా అమ్మ పోయిన రోజు నుంచి అవ్వ తన కంచంలో మొదటి ముద్ద తీసి పక్కన పెట్టి, ప్రార్థన చేసుకుని గానీ తినేది కాదు.

ఆత్మకూరామె మాకు అన్నం పెట్టి, సంచి విప్పి దుప్పటి, సెంటు సీసా, నారింజ రసం పొడి డబ్బా తీసి అవ్వ ముందు పెట్టింది. అడుగున ఆ పెట్టె ఉంది.

"ఇది నీకంట పాపా. ఆ ఇంటి పిల్లోళ్లు పారేస్తే మీ అమ్మ తీసిపెట్టింది. మూల పగిలుండాది, ఆడేదానికేం కాదులే. పొయ్యి వసారాలో కూచోని ఆడుకో."

వసారాలో కూర్చుని పక్కనున్న మీట నొక్కాను. లోపల ఎవడో గట్టిగా అరిచాడు. హడలిపోయి, చేతికి దొరికిన చక్రాన్ని తిప్పేశాను. అది సౌండు తగ్గించే చక్రం. పెట్టె మూగబోయింది, వంటింట్లో మాటలు స్పష్టంగా వినిపించాయి.

"నిజం చెప్పమంటావా పెద్దమ్మా. ఆ ఇంటామె చెయ్యి చేసుకుంటాది. ఆమెను జూసి పిల్లోళ్లకు గూడా అదే అలవాటైంది. పాసుపోర్టు వాళ్ల బీరువాలో ఉండాది. ఇంక ఎట్ట వచ్చేది?"

అవ్వ గొంతు తగ్గించి అంది, "మావాడికి చెప్పబాకమ్మా. వాడికి కోపమొస్తే ముందూ ఎనకా చూడడు. దాన్ని కువైటుకు పంపించిన ఏజెంటు మిందికి పొయ్యి కొట్టినాడంటే వాడు జైల్లో, అది ఆడ. ఈ పిల్ల ఏం గావాల?"

చేతిలో ఉన్న తెర మీద ఇద్దరు మనుషులు, వాళ్లంతట వాళ్లే, సౌండు లేకుండా కొట్టుకుంటున్నారు. ఒకడు పడ్డాడు. రెండోవాడు చేతులు పైకెత్తాడు. ఆ రెండింటినీ, విన్నదాన్నీ చూసినదాన్నీ, నా బుర్ర అక్కడే కలిపి ముడేసింది. పదకొండేళ్ల పిల్లకు అంతకంటే తెలివి ఎక్కడినుంచి వస్తుంది?

తిరుగు బస్సులో అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూసింది. నేను పెట్టెను ఒళ్లో పెట్టుకుని, పగిలిన మూలను బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాను. నేను విన్నానని అవ్వకు తెలియదు. నాయన బస్టాండులో ఎదురొచ్చి, "ఎట్టుందంట?" అనడిగాడు. "బాగుండాదంట. రొంత చిక్కిందంట," అంది అవ్వ. నాయన దుప్పటి విప్పి మొహానికి ఆనించుకున్నాడు.

ఆ ఆట సంగతి నాకు చెప్పింది పక్కింటి అబ్బాయి. బస్టాండు దగ్గర వీడియో గేముల షాపులో వాడి బాల్యమంతా గడిచింది. ఆడపిల్లలను ఆ షాపు గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. వాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి, వెనక దూర్చిన బిళ్ల మీది రెండు అంకె చూసి, పెద్ద డాక్టరులాగా తల ఊపాడు.

"ఇది రెండో పార్టుమే. ఫస్టు పార్టు మన షాపులో ఉండాది. దాంట్లో అందరూ మొగోళ్లే. దీంట్లో కొత్తగా ఒక ఆడమనిషిని పెట్టినారు. ఆమెను మాత్రం తీసుకోబాక. ఊరికే పడిపోతాది."

నేను ఆమెనే తీసుకున్నాను. గోరంత బొమ్మ, బూడిద రంగు తప్ప ఇంకో రంగు లేదు. అయినా ఆమెకు నడుం దాకా జడ ఉంది, కాలు విసిరినప్పుడల్లా జడ ఊగేది. మా అమ్మకూ అంత జడ. ఇంక నాకు వేరే రుజువు అక్కర్లేదు.

ఆటంటే సరదా అనుకుంటారు. ఇప్పటికీ ఎవరైనా "చిన్నప్పుడు గేములాడుకుని భలే ఎంజాయ్ చేశాం" అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను ఒక్కరోజు కూడా సరదాగా ఆడలేదు. తెర పైభాగాన మనిషికొక నల్లగీత ఉంటుంది, దెబ్బ తగిలినప్పుడల్లా అది తరుగుతుంది. ఆమె గీత తరిగితే కువైట్‌లో అమ్మకు దెబ్బ తగిలిందని నా లెక్క. ఆమె పడిపోతే అమ్మ పడిపోయినట్టు. అందుకని వేళ్లు బొబ్బలెక్కేదాకా నేర్చుకున్నాను. ఎప్పుడు వంగాలి, ఎప్పుడు ఎగరాలి, ఎప్పుడు వెనక్కి జరిగి చేతులు అడ్డం పెట్టాలి. చేతులు అడ్డం పెట్టడమే ఎక్కువ చేసేదాన్ని. పెట్టె ఇంట్లో ఒంటరిగా ఉందని, బడి గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తేదాన్ని.

ఆడకుండా ఊరుకోవచ్చు కదా అంటారేమో. అదీ ఆలోచించాను. ఆడకపోతే అమ్మ తరఫున కొట్టేవాళ్లే ఉండరు. ఇది ముందు నుయ్యి వెనక గొయ్యి.

సెల్లులు, అంటే బ్యాటరీలు, ఇంకో బాధ. పోరు మధ్యలో సెల్లు అయిపోతే తెర పాలిపోయి, ఆమె మసకై, మాయమయ్యేది. అప్పుడు నా ప్రాణం కూడా సగం పోయేది. మా వైపు సెల్లు నీరసపడితే పారేయరు, ఎండలో పెడతారు. ఉదయగిరి ఎండకు చచ్చిన సెల్లు కూడా కాసేపు లేచి కూర్చుంటుంది. నేను వాటిని వాకిట్లో బండ మీద వరసగా పెట్టి, కాకి ఎత్తుకుపోతుందేమోనని పక్కనే కాపలా ఉండేదాన్ని. అవ్వ చీపురు పట్టుకుని నన్నే చూసేది.

"ఏంది పాపా, అన్నం లేదు, నీళ్లు లేవు. దాంట్లో ఏముండాది అంత?"

"ఏంలే అవ్వా."

ఆటలో అందరినీ ఓడించాక చివర ఒకడొస్తాడు. మెడ లేని మనిషి, భుజాల మీద దుప్పటి, తెరలో సగం వాడే. పక్కింటి అబ్బాయి కూడా వాణ్ని దాటలేకపోయాడు. వాడు వచ్చి నిలబడగానే నేను మీట నొక్కి ఆపేసేదాన్ని. వాడితో కొట్లాడి ఓడిపోతే? ఆ ప్రశ్న దగ్గరే నా ధైర్యం అయిపోయేది. మళ్లీ మొదటినుంచి ఆడేదాన్ని, మళ్లీ వాడొచ్చేసరికి ఆపేసేదాన్ని. వాడిని రానివ్వకుండా ఉన్నంతకాలం అమ్మకు ఏమీ కాదని నన్ను నేను నమ్మించుకున్నాను.

అంతలో మా చర్చిలో కోత పండుగ వచ్చింది. ఎవరింట్లో పండింది వాళ్లు తెచ్చి దేవుడికిస్తారు. గుమ్మడికాయలు, వేరుశనగ మూటలు, కోళ్లు, మా ఊరి చెక్క చెంచాలు. ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద వాటిని వేలం వేస్తారు. ఆ వేలంలో ఒక పద్ధతి ఉంది. పాడుకున్నవాళ్లు వస్తువును ఇంటికి తీసుకుపోకుండా తిరిగి దేవుడికే ఇవ్వొచ్చు, అప్పుడు దాన్ని మళ్లీ వేలం వేస్తారు. ఒక్క కోడి పుంజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పదిమంది చేతులు మారేది. క్రైస్తవులు కాని ఆసాములను కూడా పిలిచేవాళ్లు. వాళ్లూ వచ్చి, కుర్చీల్లో కూర్చుని, ఘనంగా పాడి, తిరిగి ఇచ్చేసి పోయేవాళ్లు.

ఆ రోజు బల్ల మీద గుమ్మడికాయకూ కాళ్లు కట్టేసిన కోడికీ మధ్య, కొత్త తువ్వాలులో నా పెట్టె ఉంది.

మొదట నేను నమ్మలేదు. పొద్దున ట్రంకుపెట్టెలో దాచే వచ్చాను కదా. ఆడవాళ్ల వైపు కూర్చున్న అవ్వను చూశాను. ఆమె కళ్లు మూసుకుని ఉంది, పెదవులు కదులుతున్నాయి. పరుగెత్తి పోయి చెయ్యి పట్టుకుని గుంజాను.

"అవ్వా, అది నాది."

"ఉష్. మొక్కుకున్నా పాపా."

"ఏమని?"

"మొక్కు బయటికి చెప్తే చెల్లదు. దేవుడికిచ్చేది ఇంట్లో పనికిమాలింది ఇస్తామా? అన్నిటికన్నా ప్రాణమైంది ఇయ్యాల. ఊరుకో."

మొక్కును రహస్యంగా ఉంచడం బైబిల్లో ఎక్కడుందో నాకు తెలియదు. మా అవ్వ వాళ్ల అవ్వల కాలం నుంచి వస్తున్న నమ్మకం, చర్చిలోకి కూడా ఆమెతో పాటే వచ్చి కూర్చుంది. ఆ మొక్కు ఎవరికోసమో నాకు వెంటనే అర్థమైంది. అదే ఇంకా భయం. ఇచ్చేస్తే అమ్మను కాచేవాళ్లు ఉండరు. ఇవ్వకపోతే మొక్కు చెడుతుంది.

వేలం వేసే సంఘ పెద్ద మంచి మాటకారి. పెట్టెను పైకెత్తి, "ఇది తినేది గాదు, గుడ్డు పెట్టేది గాదు. కువైటు సరుకు. ఎవరో పుణ్యాత్మురాలు ఇచ్చింది. పాడండి," అన్నాడు. నాయన మొగవాళ్ల చివరి వరసలోంచి లేచి నిలబడి, అవ్వ వైపు ఇదేందన్నట్టు చూశాడు. అవ్వ తల వంచుకుంది. కుర్చీలో ఉన్న ఒక ముసలి ఆసామి పాట పాడి దాన్ని గెలుచుకున్నాడు. నా గుండెల్లో రాయి పడింది. ఆయన దాన్ని తాకను కూడా తాకకుండా, "తిరిగి దేవుడికే," అన్నాడు. రాయి లేచింది. ఇంకొకరు పాడారు. మళ్లీ పడింది. వాళ్లూ తిరిగి ఇచ్చారు. నాయన కూడా సిగ్గుతో చెయ్యెత్తాడు గానీ ఆయన పాట ఆ హోరులో ఎవరికీ వినపడలేదు.

అప్పుడు ఎవరో, "అసలు పనిచేస్తాదా?" అని అడిగారు. సంఘ పెద్ద మీట నొక్కాడు. పండుగని అవ్వే కొత్త సెల్లులు కొని వేయించింది కాబోలు, పెట్టె గట్టిగా పలికింది. ఆయనకు ఆడటం రాదు. ముందు నిలబడ్డ పక్కింటి అబ్బాయికి ఇచ్చి, "ఏదీ, ఆడి చూపించరా," అన్నాడు.

వాడు బలమైన మొగవాణ్ని తీసుకున్నాడు. ఎదురుగా ఎవరు రావాలో ఆ యంత్రమే తేలుస్తుంది. జడ ఊపుకుంటూ ఆమె వచ్చింది.

జనం మూగారు. నేను వాళ్ల నడుముల కిందనుంచి దూరి వాడి మోచేయి దగ్గరికి చేరాను. వాడికి ఆట బాగా వచ్చు. ఆమెను తెర మూలకు నెట్టి, లేవనివ్వకుండా, ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ కొడుతున్నాడు. ఆమె గీత తరిగిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతున్నారు. మంచివాళ్లే అందరూ, నాకు అన్నం పెట్టినవాళ్లే. "ఎయ్యరా, ఇంగోటి ఎయ్యి," అన్నాడు ఎవరో.

నేనేం చేశానో నాకు సగమే గుర్తు. వాడి చేతిని కొరికానని తర్వాత వాడే చెప్పాడు. పెట్టెను గుండెకు అదుముకుని అరుస్తున్నాను. "కొట్టబాకండి. అమ్మను కొట్టబాకండి. ఆడ వాళ్లు కొడతానే ఉండారు, పిల్లోళ్లు గూడా కొడతా ఉండారు, పాసుపోర్టు బీరువాలో ఉండాది, మీరు గూడా కొడితే ఎట్ట?"

నవ్వులు ఆగిపోయాయి. కాళ్లు కట్టిన కోడి ఒక్కటే కొట్టుకుంటోంది. జనం పక్కకు జరిగి నాయనకు దారిచ్చారు. నాయన వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎవురు చెప్పినారు పాపా?"

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ చాప మీదనుంచి లేవబోయి లేవలేకపోయింది. "నాకు తెలుసురా," అంది. "ఆత్మకూరామె చెప్పింది. నువ్వేం జేస్తావోనని దాచిపెట్టినా."

నాయన మీదపడి అరుస్తాడని, అక్కణ్నుంచే ఆత్మకూరు బస్సెక్కి ఆ పంపించినవాణ్ని చంపేస్తాడని నేను పెట్టెను ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఆయన లేవలేదు. ఆ కటికనేల మీదే కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, అందరి ముందూ ఏడ్చాడు. నాయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆయన కోపం కంటే ఆ ఏడుపే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కుర్చీలోంచి ముసలి ఆసామి లేచి వచ్చాడు. "పంపించింది ఆత్మకూరు బస్టాండు కాడ ఉండే మనిషే గదా? వాడు మా మాట దాటడు. రేపు పొద్దున బస్సుకు రా, నేనూ వస్తా. చెయ్యి మాత్రం లేపబాక," అన్నాడు నాయనతో. అయ్యగారు, అంటే మా పాస్టరు, వేలం ఆపించి ప్రార్థన చేశారు. పెట్టెను నా చేతుల్లోంచి ఎవరూ తీసుకోలేదు.

ఇంక నా భయం తగ్గాలి కదా. రెట్టింపైంది. దేవుడికిచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నది నేనే, రహస్యంగా ఉండాల్సిన మొక్కు బయటపడింది నావల్లే. అమ్మ రాకపోతే అది నా నెత్తినే. అవ్వ నన్ను ఒక్క మాటా అనలేదు. మరుసటి ఆదివారం చర్చికి బోసి చెవులతో వచ్చింది. కమ్మలు కానుక పెట్టెలో వేసింది. నేను గేమును మళ్లీ ఆన్ చేయలేదు. రోజూ ట్రంకుపెట్టె తెరిచి, పగిలిన మూలను ఒకసారి వేలితో రుద్ది, మూసేసేదాన్ని. నాయన, ఆసామి ఆత్మకూరుకూ నెల్లూరుకూ తిరిగారు. అమ్మ పాసుపోర్టు ఇప్పించమని ఎవరెవరికో ఫోన్లు చేయించారు. ఎండలు పోయి వానలు వచ్చాయి.

అమ్మ ఒక సాయంత్రం నెల్లూరు బస్సు దిగింది. నాయన వెనక చిన్న సంచితో వస్తున్న ఆ సన్నటి మనిషిని నేను ముందు గుర్తుపట్టలేదు. జడ లేదు. జుట్టు మెడ దగ్గరికి కత్తిరించి ఉంది, కొంగు నుదుటి మీదికి లాక్కుని ఉంది. అవ్వ ఆమెను వాకిట్లోనే కావలించుకుని, వంకలన్నీ మర్చిపోయి ఏడ్చింది.

అమ్మ కాళ్లు కడుక్కుని కూర్చున్నాక నేను ట్రంకుపెట్టె తెరిచాను. ఆమెకు చూపించాలని, నీ తరఫున నేను కొట్లాడాను, చివరివాణ్ని రానివ్వలేదు అని చెప్పాలని నా ఆశ. పెట్టెను తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టాను. అమ్మ దాన్ని చూసి, చేతులతో పట్టుకోకుండా, ఒళ్లో ఉండనిచ్చింది.

"ఇంకా ఉండాదా ఇది," అంది. తర్వాత కొంగు వెనక్కి జరుపుకుంది. కుడి కనుబొమ్మ పైన మచ్చ ఉంది. వంకర అంచులతో, బొటనవేలు పట్టేంత.

"ఆ ఇంటి పిల్లోడు దీంట్లో ఓడిపొయ్యి, కోపమొచ్చి ఇసిరేసినాడు. నేను పక్కన ఇస్త్రీ చేస్తా ఉండా. నాకు తగిలి, గోడకు కొట్టుకోని మూల పగిలింది. పారెయ్యమన్నారు. మంచి వస్తువు గదా, నీకు పనికొస్తాదని ఉంచినా. బాగా ఆడుకున్నావా పాపా?"

అన్నాళ్లూ నేను వేలితో రుద్దుతూ కూర్చున్న ఆ మూల ఏమిటో అప్పుడు తెలిసింది. ఆడుకున్నానని తల ఊపాను. ఆ మచ్చను తడమాలనిపించి చెయ్యి పైకెత్తాను.

అమ్మ చటుక్కున తల పక్కకు తిప్పి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపటికి ఆమే తన చేతులు దించి, నా చెయ్యి పట్టుకుని ఆ మచ్చ మీద పెట్టుకుంది.

"అలవాటైపోయిందిలే పాపా," అంది.